వెనకనడక వైద్యం

సత్యకోశం ఆఫీసులో అందరూ అతన్ని రబ్బరు అనేవాళ్ళు. అసలు పేరు జీతం రోజున తప్ప ఎవరికీ అవసరం పడేది కాదు. పని అలాంటిది మరి. సత్యకోశం అంటే ఇంటర్నెట్‌లో నడిచే విజ్ఞానసర్వస్వం. చదివేవాళ్ళలో ఎవరైనా సరే లోపలికొచ్చి ఓ వాక్యం కలిపి పోవచ్చు, ఓ వాక్యం పీకేసి పోవచ్చు. వీధిలోకి తెరిచిన గోడ లాంటిదన్నమాట. గోడన్నాక గీసేవాళ్ళు వస్తారు. గీసింది చెరపడానికి జీతమిచ్చి మనిషిని పెట్టారు. లోకంలో రాసి బతికేవాళ్ళున్నారు, గీసి బతికేవాళ్ళున్నారు, కోసి బతికేవాళ్ళూ ఉన్నారు. చెరిపి బతికేవాడు మాత్రం రబ్బరే.

ఈ కోశం పుట్టుకకి కారణం కోపం. అప్పటికే ఉన్న పెద్ద విజ్ఞానసర్వస్వం ఒకవైపుకి ఒరిగిపోయిందని, దేశాన్నేలే అధినేత అభిమానులకి ఒళ్ళు మండింది. అదెంత ఒరిగిందో జాగ్రత్తగా కొలిచి, దీన్ని అంతకు రెండింతలు రెండోవైపు ఒరగబెట్టి నిలబెట్టారు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే నిటారుగా కనిపిస్తాయని వాళ్ళ లెక్క. సత్యకోశమంటే సత్యం కోసమని బయటివాళ్ళు అనుకునేవాళ్ళు. ఎవరి కోసమో లోపలివాళ్ళకి తెలుసు. అందులో పిల్లి గురించి పేజీ తెరిచినా, రెండో పేరాకల్లా అధినేతకి పిల్లులంటే ఎంత దయో వచ్చేసేది. 'కరువు' పేజీలో ప్రతిపక్షం వాళ్ళ ఫోటో ఉండేది. 'వాన' పేజీలో ఎవరి ఫోటో ఉండేదో వేరే చెప్పక్కర్లేదు.

రబ్బరు పని కళ్ళున్నవాడెవడైనా చెయ్యగలడు. బుర్ర అదనం. అధినేతని తిడుతూ ఎవరైనా రాస్తే ఆ వాక్యం తెర మీద ఎర్రగా వెలుగుతుంది. పొగిడితే ఆకుపచ్చగా వెలుగుతుంది. ఉన్న పొగడ్తని ఎవరైనా తీసేస్తే అదీ ఎరుపే. ఎరుపొస్తే చెరుపు, తీసేసిన పొగడ్తైతే తిరిగి పెట్టు, అంతే. ఆకుపచ్చ జోలికి మాత్రం పోకూడదు. పచ్చి అబద్ధమైనా సరే, పచ్చగా వచ్చిందంటే ఇక అది సత్యకోశపు ఆస్తి.

పోకూడదంటే రూలు ఒప్పుకోదని కాదు. పోవచ్చు. దానికో పద్ధతి ఉంది. పొగడ్తని తీసెయ్యాలనుకున్నవాడు సోమవారం మీటింగులో లేచి నిలబడాలి. గోడకున్న అధినేత నిలువెత్తు ఫోటో వైపు తిరగాలి. ఆ పొగడ్తని పైకి చదివి, "ఇది అబద్ధం" అనాలి. ఇంత సులువైన పద్ధతి ఇంకే సంస్థలోనూ లేదని ప్రధాన సంపాదకుడు వచ్చిన అతిథులందరికీ చెప్పి మురిసిపోయేవాడు. కోశం పుట్టిన దగ్గర్నుంచి ఒక్కడూ లేవలేదు. అంటే లోపల ఒక్క అబద్ధమూ లేనట్టే కదా! ఏ పొగడ్త కనిపించినా కళ్ళు మూసుకుని "తథాస్తు" అనడం ఆయన అలవాటు కాబట్టి, ఆయన వెనకాల అందరూ ఆయన్ని తథాస్తు అనేవాళ్ళు. ముందర 'సార్' అనేవాళ్ళు.

ఇలా ఎర్రవి చెరుపుతూ, పచ్చవి వదిలేస్తూ రబ్బరు హాయిగా అరుగుతున్న రోజుల్లో, ఓ ఉదయం వంటింట్లోకి అత్తగారి వీపు వచ్చింది. వీపు వెనకాల అత్తగారు వచ్చింది.

అత్తగారు బళ్ళో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరైన మనిషి. ఊళ్ళో సగం మందిని ఎండలో పరిగెత్తించిన చరిత్ర ఆవిడది. వెనక్కి అడుగులేస్తూ వచ్చి, స్టవ్వు దగ్గర ఎడమకి తిరిగి, కుర్చీని చూడకుండానే అందులో కూర్చుంది.

"ఏంటత్తయ్యా ఇది?" అన్నాడు రబ్బరు, చేతిలో కాఫీ ఒలకబోసుకుంటూ.

"మీకు తెలీనిదా అల్లుడుగారూ? మీరు పాసు చేసిందేగా!" అని ఆవిడ ఫోను తీసి, క్లాసులో పాఠం చదివినట్టు చదివింది. "'అధినేత ప్రతి ఉదయం వెనక్కి నడుస్తారు. అందుకే షుగరు వ్యాధి ఆయన దరిదాపులకి రాలేదు. ఆయన బాటలో దేశమంతా వెనక్కి నడుస్తోంది.' షుగరు పేజీలో ఉంది. ఎంత బాగా రాశారండీ!"

"మరి మీ మాత్రలు?"

"ఇంకా ఎందుకండీ అవి? ముందుకి నడిచేవాళ్ళు వేసుకోవాలి గానీ!"

రబ్బరుకి గుండె జారి చెప్పుల్లో పడింది. ఆ వాక్యం అతని ముందు నుంచే పోయి ఉంటుంది. చదివిన గుర్తు మాత్రం లేదు. ఆకుపచ్చని ఎవరు చదువుతారు? పచ్చగడ్డిని చదువుతారా ఎవరైనా?

"అత్తయ్యా, అదేంటంటే... మేం పొగడ్తల్ని చూడమండి. వదిలేస్తాం."

"మీ వినయం మీది," అంది అత్తగారు కూతురి వైపు తిరిగి. "చూశావుటే? చేసిన పని చెప్పుకోరు మీ ఆయన."

ఇందులో రబ్బరు స్వయంకృతం కొంత ఉంది. పెళ్ళైన కొత్తలో "నేను చూడకుండా సత్యకోశంలో అక్షరం కూడా నిలవదు" అని ఈ వంటింట్లోనే ఛాతీ విరుచుకున్నాడు. అల్లుడి మాటని అత్తగారు అప్పుడే మనసులో రాసేసుకుంది. దాన్ని చెరిపే రబ్బరు ఇంకా పుట్టలేదు.

ఆ సాయంత్రం బావమరిది వచ్చాడు. దుకాణాలకి బోర్డులు రాయడం వాడి వృత్తి. చొక్కా నిండా రంగులు, నోటి నిండా వెటకారం. తల్లి హాల్లో వెనక్కి నడుస్తూ ఎదురొచ్చేసరికి, అంటే వీపు ఎదురొచ్చేసరికి, వాడి మొహంలో రంగులన్నీ చొక్కాలోకి దిగిపోయాయి. రబ్బరుని బాల్కనీలోకి లాక్కుపోయాడు.

"బావా, అది నాదే."

"ఏది?"

"వెనకనడక. నేనే రాశా. దేశమంతా వెనక్కి నడుస్తోందని పెట్టాను కదా, ఆ చివరి వాక్యం చదివితే గాడిదక్కూడా తెలుస్తుంది వెటకారమని!"

"మా దగ్గర గాడిదలు చదవవురా. పాసు చేస్తాయి."

"వారం నుంచి కూచుని చూస్తున్నా, ఒక్కడు నవ్వితే ఒట్టు! అందరూ దణ్ణాలే పెడుతున్నారు. ఇప్పుడు మా అమ్మ నడుస్తోంది!"

"వెళ్ళి చెప్పు మీ అమ్మకి."

వెళ్ళి చెప్పాడు. అత్తగారు నడక ఆపి, కొడుకుని ఎగాదిగా చూసింది.

"నువ్వు రాశావా? నువ్వు రాసిన బోర్డు చూసి మందుల షాపుకెళ్ళాల్సినవాళ్ళు చెప్పుల షాపుకెళ్ళారురా! నువ్వు రాస్తే అల్లుడుగారు ఊరుకుంటారా? ఏమండీ, ఊరుకుంటారా?"

బావా బావమరుదులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చెప్పడానికి ఇద్దరి దగ్గరా నిజమే ఉంది. అది ఎవరికీ పనికొచ్చేలా లేదు.

సరే, రాసినవాడే తీసేస్తే పీడా పోతుందని బావమరిది మర్నాడు పొద్దున్నే తన వాక్యాన్ని తనే తీసేశాడు. కాసేపటికి ఆఫీసుకి ఫోను చేశాడు.

"బావా, తీసేశాను గానీ మళ్ళీ వచ్చి కూచుంది! ఎవడో దరిద్రుడు పెట్టేశాడు."

రబ్బరు తన చూపుడువేలి వైపు చూసుకున్నాడు. ఎరుపు వెలిగింది, వేలు దాని పని అది చేసేసింది. మెదడుకి కబురు ఇప్పుడే అందుతోంది.

"ఆ దరిద్రుణ్ణి నేనేరా."

"బావా!"

"మళ్ళీ తియ్యి. ఈసారి చూడనట్టు ఊరుకుంటాను."

మళ్ళీ తీశాడు. రబ్బరు కిటికీలోంచి ఆకాశం చూస్తూ కూర్చున్నాడు. పక్క సీట్లో పనిచేసే సహోద్యోగిని చెయ్యి చాచి అతని తెర మీద ఓ నొక్కు నొక్కింది. "ఏంటి రబ్బరూ, కళ్ళు తెరిచే నిద్రపోతున్నావా? ఎవడో అల్లరివెధవ అధినేత ఆరోగ్యం మీద పడ్డాడు. వాడి అకౌంటు కూడా మూసేశాన్లే, నాకు థాంక్స్ చెప్పు." రబ్బరు థాంక్స్ చెప్పాడు. అల్లరి చేసినప్పుడు నెత్తిన పెట్టుకున్న సత్యకోశం, దిద్దుకోబోతే బావమరిదిని విధ్వంసకుడని బయటికి నెట్టింది.

వాడు తక్కువ తిన్నవాడు కాదు. ఇంకో అకౌంటు తెరిచి, మరీ నమ్మశక్యం కాకుండా రాస్తే తథాస్తుకైనా అనుమానం వస్తుందని, ఆ వాక్యం కింద ఇంకోటి తగిలించాడు. 'వెనక్కి నడిచేటప్పుడు అధినేత నెత్తిన నీళ్ళ గ్లాసు పెట్టుకుంటారు. ఆయన ఒక్క చుక్క ఒలకబోసినా ఆ రోజు ధరలు పెరుగుతాయి.' ఆఫీసులో తథాస్తు అది చదివి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ధరల కోసం మెడ నిలబెట్టిన నాయకుడు! తథాస్తు!" అన్నాడు.

మర్నాడు అత్తగారి నెత్తిన గ్లాసు ఎక్కింది. ఆ రోజు హాల్లో ధరలు విపరీతంగా పెరిగాయి.

"నువ్వింక వెటకారం చెయ్యకు తండ్రీ," అని రబ్బరు బావమరిదికి రెండు చేతులూ జోడించాడు.

ఆ వారం చివర్లో అత్తగారు పార్కులో కళ్ళు తిరిగి పడిపోయింది. పడ్డం కూడా వెనక్కే, పూలమొక్కల మీద. మొక్కలు ఆవిణ్ణి కాపాడాయి, మొక్కల్ని ఎవరూ కాపాడలేకపోయారు. చీలమండ బెణికింది. డాక్టరమ్మ రక్తపరీక్ష చూసి, కాగితాన్ని బల్ల మీద టప్పున పెట్టింది.

"మాత్రలు మానేసి ఎన్నాళ్ళయిందమ్మా? ఇలాగే ఇంకొన్నాళ్ళు సాగితే ముందు కళ్ళు పోతాయి, తర్వాత కాళ్ళు. అప్పుడు వెనక్కేంటి, ఎటూ నడవరు."

"సత్యకోశంలో వేరేగా ఉంది," అంది అత్తగారు.

"అయితే అక్కడే చూపించుకోండి!"

అత్తగారు చలించలేదు. బయటికొచ్చాక ఆటోలో కూర్చుని అల్లుడి చెయ్యి పట్టుకుంది. 

"బాబూ, ఆవిడ ఓ మాటంటోంది, మీ పుస్తకం ఇంకో మాటంటోంది. నాకు మీ పుస్తకమంటేనే గురి. మీరున్నారు కాబట్టి. అది తప్పయితే మీరు తీసేస్తారు. తీసేసిన రోజు మాత్ర మింగుతా. తియ్యలేదంటే నిజమన్నట్టేగా?"

 ఆ సాయంత్రం భార్య కాఫీ గ్లాసు అతని ముందు పెట్టి నిలబడింది.

"ఏమండీ, ఆ ఫోటో ముందు లేచి రెండు ముక్కలనడానికి అంత కష్టమా?"

"ఆ రెండు ముక్కలంటే నా ఉద్యోగం మూడు ముక్కలవుతుందే. నాకున్నది ఒక్క ఉద్యోగం."

"నాకున్నది ఒక్క అమ్మ."

అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. 

సోమవారం మీటింగులో తథాస్తు వారపు పొగడ్తలన్నీ విని, కుర్చీలోంచి లేవబోతుండగా, వెనక వరసలో కుర్చీ కిర్రుమంది. రబ్బరు నిలబడి ఉన్నాడు. ఫోటో వైపు తిరిగాడు. నిలువెత్తు అధినేత నిలువునా నవ్వుతున్నాడు.

"'అధినేత ప్రతి ఉదయం వెనక్కి నడుస్తారు,'" అని మొదలుపెట్టాడు. చుట్టూ కొందరి కళ్ళు చెమర్చాయి. పొగుడుతున్నాడనుకున్నారు పాపం. "'అందుకే షుగరు వ్యాధి ఆయన దరిదాపులకి రాలేదు. ఆయన బాటలో దేశమంతా వెనక్కి నడుస్తోంది.'" ఫోటో కళ్ళలోకి చూశాడు. "ఇది అబద్ధం."

"తథా..." అని అలవాటుగా అనబోయి తథాస్తు నాలుక కరుచుకున్నాడు. పక్క సీటు సహోద్యోగిని తన కుర్చీని మెల్లగా అవతలికి జరుపుకుంది. 

తథాస్తు కోప్పడలేదు. జేబులోంచి ఫోను తీసి, అందరికీ కనబడేలా పైకెత్తాడు. పచ్చిక మీద తెల్లటి బట్టల్లో అధినేత వెనక్కి నడుస్తున్నాడు. నెత్తిన నీళ్ళ గ్లాసుంది. ఆయన్ని ఎప్పుడూ వెనకేసుకొచ్చే అంగరక్షకులు ఎటు వెనకో, ఎటు ముందో తెలీక చుట్టూ గిరగిరా తిరుగుతున్నారు.

"ఇవాళ పొద్దున్న తీసింది," అన్నాడు తథాస్తు. "మన పేజీ చదివారట. 'నేనిలా నడుస్తానని నాకే గుర్తులేదు, పనిలో పడి నన్ను నేను ఎంత మరిచిపోయానో చూడండి' అన్నారట. ఇప్పుడు చెప్పు నాయనా, ఈ గదిలో అబద్ధమేది?"

"సార్, మా అత్తగారు ఇది చదివి మాత్రలు మానేశారండి. కళ్ళు తిరిగి పడిపోయారు."

"ముందుకి నడుస్తూ పడ్డారేమో, సరిగ్గా కనుక్కో."

"సార్!"

"మాట వెనక్కి తీసుకో. తీసుకోలేకపోతే నువ్వే వెనక్కి వెళ్ళు, ఇంటికి. ఇన్నేళ్ళు చెరిపావు కాబట్టి ఓ అవకాశం ఇస్తున్నా. సాయంత్రంలోగా ప్రాయశ్చిత్తంగా పొగడ్త ఒకటి రాయి. ఆ పేజీలోనే, ఆ వాక్యం కిందే. నా కళ్ళు చెమర్చాలి."

రబ్బరు సీట్లోకొచ్చి కూలబడ్డాడు. చెరపడం తప్ప రాయడం తెలీనివాడు. తెర మీద షుగరు పేజీ తెరిచాడు. వెనకనడక, నీళ్ళ గ్లాసు, ధరలు, అన్నీ పచ్చపచ్చగా ఉన్నాయి. వాటిలో ఒక్కటి పీకడానికి లేచినందుకు ఊపిరి పోయినంత పనైంది. పెట్టడానికి బావమరిదికి ఏం పట్టింది? బాల్కనీలో కాఫీ తాగినంత సేపు.

అక్కడ ఆగింది అతని ఆలోచన. తియ్యడానికి గుండె కావాలి గానీ, పెట్టడానికి వేలు చాలు.

వేళ్ళు విరుచుకుని రాయడం మొదలుపెట్టాడు.

'ఇంతటి ఆరోగ్యవంతులై ఉండి కూడా, షుగరుతో బాధపడే ప్రజల మీద ప్రేమతో అధినేత రోజూ భోజనం వేళకి తాను కూడా ఒక మాత్ర మింగుతారు. మాత్ర మింగనిదే ఒక్క అడుగైనా వెనక్కి వెయ్యరు. పెద్ద వయసు తల్లులు తనని చూసి వెనక్కి నడుస్తున్నారని విని ఆయన చలించిపోయారు. వెనక్కి నడిచే కష్టం తనకొక్కడికే వదిలి, వాళ్ళంతా ముందుకే నడవాలని, డాక్టరు ఇచ్చిన మాత్రలు మానొద్దని కన్నీళ్ళతో వేడుకున్నారు.'

రాసి, చదువుకున్నాడు. ఒక్క నిజం ముక్క లేదు.  అయితే వేళ్ళ చివర ఎక్కడో చక్కిలిగింత లాంటిది పుట్టింది. ఎదురుగా తెల్లటి గోడ, చేతిలో బొగ్గుముక్క, చుట్టుపక్కల ఎవరూ లేనట్టు అనిపించింది. బావమరిది ఎందుకు మానలేకపోతున్నాడో ఇప్పుడర్థమైంది. నొక్కాడు. వాక్యాలు ఆకుపచ్చగా వెలిగాయి.

తథాస్తు వచ్చి భుజం మీంచి వంగి చదివాడు. రెండోసారి కూడా చదివాడు. కళ్ళద్దాలు తీశాడు.

"వెనక్కి నడిచే కష్టం తనకొక్కడికే... ఇన్నాళ్ళూ నీలాంటివాణ్ణి చెరపడానికి పెట్టి పాడుచేశాను కదయ్యా! తథాస్తు!"

ఇంటికొచ్చేసరికి అత్తగారు కట్టు కట్టిన కాలు స్టూలు మీద పెట్టుకుని ఫోను చూస్తోంది. పక్కన బావమరిది దోషిలా కూర్చున్నాడు. భార్య వంటింటి గుమ్మంలోంచి అతని మొహం చదవడానికి చూస్తోంది.

"అల్లుడుగారూ, ఈ కొత్తది చూశారా?"

"చూశానత్తయ్యా."

"చదివే పాసు చేశారా?"

"అక్షరం అక్షరం చదివాను."

ఆఫీసు గురించి అతను చెప్పగా అత్తగారు నమ్మిన మొదటి నిజం అదే. బావమరిది తల్లి చేతిలోంచి ఫోను లాక్కుని చదివాడు. 'కన్నీళ్ళతో' దగ్గరికొచ్చేసరికి వాడికి రాసిందెవరో అర్థమైంది. బావ మొహంలోకి చూశాడు. సోఫాలో పడి, దిండు నోట్లో కుక్కుకుని నవ్వాడు. ఆ పేజీ చదివి నవ్విన మొదటి మనిషి వాడే.

"ఎందుకురా ఆ ఇకిలింపు? మహానుభావుడు మనకోసం మాత్రలు మింగుతుంటే!" అని అత్తగారు కొడుకుని కసిరి, కూతురి వైపు చెయ్యి చాచింది. "ఏదే, నా మాత్రలు తే. నీళ్ళు కూడా."

భార్య పరిగెత్తింది. అత్తగారు మాత్రని అరచేతిలో వేసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఆయన వేసుకునేది గుండ్రంగా ఉంటుందా, పొడుగ్గానా?"

"గుండ్రమే," అన్నాడు రబ్బరు గబగబా.

అంతలో అతని జేబులో ఫోను మోగింది. తథాస్తు.

"రబ్బరూ, అధినేత ఇంటి నుంచి కబురొచ్చింది. మాత్రల సంగతి చదివారట. భోజనం ముందు పెట్టుకుని కూర్చున్నారు. ఏ మాత్రో రాయలేదేమని అడుగుతున్నారు. తొందరగా చెప్పు, అన్నం చల్లారిపోతోందట."

 అధినేతకి షుగరుందో లేదో ఎవరికి తెలుసు? లేనివాడు మింగితే షుగరు పడిపోయి ప్రాణం మీదికొస్తుందని మాత్రం తెలుసు. సోఫాలో బావమరిది నవ్వు ఆగిపోయింది. లేచి కూర్చున్నాడు.

"ఎవరండీ? ఏంటంట?" అంది అత్తగారు.

"అధినేత... ఏ మాత్ర వేసుకోవాలని అడుగుతున్నారు."

అత్తగారు ఓ చేత్తో మాత్ర పట్టుకుని, రెండో చేత్తో ఫోను లాక్కుంది. ఎండలో బడి పిల్లల్ని అదిలించిన గొంతు ఇంకా ఎక్కడికీ పోలేదు.

"ఏవయ్యా, ఆయనకి చెప్పండి! పరీక్ష చేయించుకోకుండా మాత్రలేంటి? ముందు డాక్టరు దగ్గరికెళ్ళి చూపించుకోమనండి. అక్కడా ఇక్కడా చదివి ఎవరైనా మందులు మింగుతారా? అంత పెద్ద పదవిలో ఉండి, ఆ మాత్రం తెలీదూ!"

ఫోను అల్లుడి చేతిలో పెట్టేసి, మాత్ర నోట్లో వేసుకుని, గడగడా నీళ్ళు తాగింది.